బడిగదిలో పంతొమ్మిది వినాయకులు

ధూల్‌పేటలో మట్టి వినాయకులను చేసే దుర్గయ్యకు పక్క సందులోని చర్చి వాళ్ల మీద ఒకటే కోపం. మనిషిని కుదురుగా కోపం తెచ్చుకోనివ్వరు. పాటలు మరీ గట్టిగా పాడుతున్నారని వెళ్లి అరిస్తే, కుర్చీ వేసి చాయ్ పోస్తారు. ముందటేడు భార్య కాశమ్మ టైఫాయిడ్‌తో మంచం పడితే, చర్చి ఆడవాళ్లు వంతులు వేసుకుని పదకొండు రోజులు గంజి తెచ్చి తాగించారు. దుర్గయ్య ఆ మేలు మరిచిపోయే మనిషి కాదు. గంజిలో ఉప్పు తక్కువైందని ఇప్పటికీ అందరికీ చెబుతూనే ఉంటాడు.

అది పంతొమ్మిది వందల డెబ్బై మూడు. చవితి ఇంకా రెండు వారాలు ఉందనగా ముసురు పట్టింది. మూడు రోజులు వదల్లేదు. నాలుగో రోజు పొద్దున షెడ్డు వెనక గోడ కూలి, కప్పు సగం కిందికి వాలింది. లోపల ఇంకా రంగు వేయని బొమ్మలు పంతొమ్మిది. అన్నీ పచ్చివే. ఒక వినాయకుడి పొట్ట మీదుగా నీళ్లు కారుతుంటే దుర్గయ్య రెండు చేతులూ అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. ఏడాదంతా నోరు మూయని మనిషికి ఆ వేళ మాట రాలేదు.

అప్పుడే కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా పనిచేసే సీమోను, చర్చికి చెందిన మరో ఆరుగురిని వెంటేసుకుని, రెండు బెంచీలు మోసుకుంటూ వచ్చాడు.

"అన్నా, జర్ర పక్కకు జరుగు. బడిగదిల పెడదాం."

"బడిగదా? మీ చర్చిలదా?"

"గదే. పెంకులు మొన్ననే సదిరినం, చుక్క కారదు. నడువు!"

బెంచీల మీద గోనెపట్టాలు పరిచి, ఒక్కొక్క బొమ్మనే ఎక్కించారు. అది చూడగానే దుర్గయ్యకు పోయిన నోరు తిరిగొచ్చింది.

"తొండం పట్టకుండ్రి! పీట పట్టుండ్రి, పీట! ఎన్నడు బొమ్మ మొయ్యలేదా ఏంది మీరు?"

"లేదన్నా," అన్నాడు సీమోను, మోకాళ్ల దాకా బురదలో నిలబడి. "ఇదే మొదటిసారి."

బడిగది దగ్గర సంఘపెద్ద అమరనాథ్ గొడుగు పట్టుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "దేవుని జాగల ఈ బొమ్మలేంది?"

ఆడవాళ్ల సంఘానికి పెద్దదిక్కయిన మాణిక్యమ్మ లోపలి నుంచి చీపురుతో వచ్చింది. "గవి బొమ్మలు గావు బాపు, ఆయన బువ్వ. గొడుగు మూసి తొవ్వ ఇయ్యి. నీళ్లు లోపలికి కారుతున్నయి."

అమరనాథ్ విసురుగా గొడుగు తిప్పుకుని వెళ్లిపోయాడు. పోనీలే, ఒక్కడైనా సరిగ్గా కోపం తెచ్చుకున్నాడని దుర్గయ్య లోలోపల సంతోషించాడు. ఆ సంతోషం సాయంత్రం దాకా కూడా నిలవలేదు. అమరనాథ్ ఒక బొగ్గుల బస్తా తెచ్చి, బొమ్మల వైపు చూడకుండా మొహం తిప్పుకుని, గుమ్మంలో దించాడు. "కుంపట్లు పెట్టుకో, ఆరుతయి," అని గోడకు చెప్పి పోయాడు.

ఆదివారం నాటికి బొమ్మలు గట్టిపడ్డాయి. చర్చి ఆరాధనలో, ఎవరైనా కృతజ్ఞత చెప్పుకునేది ఉంటే చెప్పమని పాస్టరు అయ్యగారు అడిగారు. వెనక వరసలో కాశమ్మ, పట్టుబట్టి వెంట తీసుకొచ్చిన మొగుణ్ని మోచేత్తో పొడిచింది. దుర్గయ్య లేచాడు. లేచాక గానీ ఏం చెప్పాలో తెలియదని తెలియలేదు.

"బడిగదిల కిటికీ రెక్క ఊడింది," అని మొదలుపెట్టాడు. "గాలి కొడుతున్నది. మోసేటప్పుడు ఒక బొమ్మ చెవి ఇరగ్గొట్టిండ్రు. మట్టి పని తెలువనోళ్లు గిట్ల..."

కాశమ్మ తల దించుకుంది. దుర్గయ్య గొంతు సవరించుకున్నాడు.

"పంతొమ్మిది తెచ్చిండ్రు. పంతొమ్మిది ఉన్నయి. నా... నా ఇంట్ల పొయ్యి..."

కండువా మొహానికి అడ్డం పెట్టుకుని కూలబడ్డాడు. జలుబని కాశమ్మకు చెప్పాడు. ఆమె నమ్మినట్టే తలూపింది. ముందు వరస నుంచి అమరనాథ్ అందరికంటే గట్టిగా "ఆమెన్" అన్నాడు.

చవితికి బొమ్మలన్నీ అమ్ముడుపోయాయి. చెవి అతికించిన బొమ్మనైతే పురానాపూల్ వాళ్లు ముచ్చటపడి, ముందుగా ఎంచుకుని తీసుకుపోయారు. అది తన అతుకు గొప్పతనమని దుర్గయ్య అందరికీ చెప్పాడు.

దసరా ముందు మళ్లీ వానలు పడి, అదే బస్తీలో గాజులు అమ్మే దస్తగీర్ ఇంటి ముందు గోడ కూలింది. చర్చి వాళ్లు బెంచీలతో చేరుకునేసరికి దుర్గయ్య అప్పటికే అక్కడ ఉన్నాడు. గాజుల పెట్టెలు ఎట్లా పట్టాలో, ఎట్లా దించాలో వచ్చినవాళ్లకల్లా నేర్పుతున్నాడు. వాళ్లకు కొంచెం కూడా పని రాదని తిడుతున్నాడు.

"దుర్గయ్య భాయ్, బహుత్ శుక్రియా," అన్నాడు దస్తగీర్ కళ్లు తుడుచుకుంటూ.

"గా శుక్రియాలు తర్వాత చెప్పు భాయ్. ముందు ఆ మూల పట్టు. గాజులు పగిలితే మీ ఇంటామె సురయ్యా నన్ను తిడుతది," అన్నాడు దుర్గయ్య. పెట్టె బరువంతా తన వైపుకే తీసుకుని బడిగది దారి పట్టాడు.