చెక్కుచెదరని హెల్మెట్

ఆయనకి కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటుంది గానీ, ఆ పేరుతో పిలిచే నాథుడే లేడు. బజారంతటికీ ఆయన పొట్టేలు. హెల్మెట్ల కొట్టు పెట్టుకున్న పెద్దమనిషికి ఆ పేరేమిటంటారా? చెప్తాను. ఎవరైనా కొట్టు మెట్లెక్కి, నాలుగు హెల్మెట్లు అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది గట్టిదేనా?" అని మూతి విరిచారో, ఇక అయిపోయిందే! మేకుకి తగిలించిన ఎర్ర హెల్మెట్ దించి, నెత్తిన పెట్టుకుని, బకిల్ బిగించి, రెండడుగులు వెనక్కి వేసి, కొట్టు మధ్యలో ఉన్న ఇనప స్తంభాన్ని తలతో ధడేల్‌మని కుమ్మేవాడు. పైన రేకులు అదిరేవి. పక్క కొట్టు టైలరు "మొదలెట్టాడ్రా బాబూ" అని మిషను ఆపేవాడు. ఈయన మాత్రం తాపీగా హెల్మెట్ తీసి, జుట్టు సర్దుకుని, దాన్ని బేరగాడి చేతిలో పెట్టి, "చెక్కు చెదిరిందేమో మీరే చూసుకోండి" అనేవాడు. ఆ దెబ్బ చూశాక కొనకుండా మెట్లు దిగినవాళ్ళు తక్కువ.

హెల్మెట్లు చేసే కంపెనీ మనిషి ఒకసారి వచ్చి ఈ తతంగమంతా కళ్ళారా చూసి తల పట్టుకున్నాడు. "అయ్యా, పైన చిప్పని చూసి మురిసిపోకండి. లోపల థర్మకోల్ లాంటిది తెల్లగా ఉంటుంది కదా, తలని కాపాడేది అదే. దెబ్బ తగిలినప్పుడు తల నలక్కుండా అది నలుగుతుంది. ఒకసారి నలిగిందంటే మళ్ళీ లేవదు. గట్టి దెబ్బ తిన్నదాన్ని పారెయ్యాల్సిందే" అని నెత్తీ నోరూ బాదుకుని చెప్పాడు. పొట్టేలు వింటే కదా! అతను అటు వెళ్ళాడో లేదో, "ఒక్క దెబ్బకి పారేసి కొత్తది కొనాలట! సరుకు అమ్ముకోవడానికి ఎన్ని కబుర్లు చెప్తారో" అని కొట్టిపారేశాడు. తను చెప్పేవి కబుర్లనీ, అతను చెప్పింది నిజమనీ ఆ బుర్రకి తట్టనే లేదు.

ఆయన భార్యకి ఒక్కడే తమ్ముడు. ఒక్కచోట కుదురుగా కూర్చోలేని మనిషి, అందుకని తూనీగ అని అక్కే పేరు పెట్టింది. తల్లి పోయేనాటికి వాడు పాలు తాగే పిల్లాడు. చంకనేసుకుని తిరిగి, గోరుముద్దలు తినిపించి పెంచింది ఆవిడే. ఇప్పుడు వాడు బండి మీద తిరుగుతూ ఆసుపత్రులకి మందుల పార్సిళ్ళు చేరవేస్తాడు. బండి ఉద్యోగం అన్న రోజు నుంచీ ఆవిడ ప్రాణం ప్రాణంలో లేదు. మొగుణ్ణి పోరి పోరి, దళసరి జాకెట్టు, చేతి తొడుగులు, మోకాళ్ళకి ప్యాడ్లు, పెద్ద బూట్లు, కొట్లో ఉన్నవన్నీ వాడికి ఇప్పించింది. "ఇవన్నీ తగిలించుకుంటే నన్ను బండెక్కించడానికి ఇంకో ఇద్దరు కావాలే అక్కా" అని వాడు నవ్వేవాడు. నవ్వుతూనే అన్నీ వేసుకునేవాడు. అక్క మాట జవదాటేవాడు కాదు.

ఆ రోజు పొద్దున్నే వాడు కొట్టు ముందు బండి ఆపి, ఇంజను ఆపకుండానే కేకేశాడు.

"బావా, నా హెల్మెట్ బకిల్ ఊడిపోయింది. తొందరగా ఒకటియ్యి, అవతల పార్సిల్ కోసం కూర్చున్నారు!"

గోడ పొడుగునా కొత్తవి, కవరు కూడా విప్పనివి వరసగా ఉన్నాయి. పొట్టేలు వాటి వంక చూశాడు. ఒకదాని మీద చెయ్యి కూడా వేశాడు. వేసి, మళ్ళీ తీసేశాడు. వెళ్ళి మేకు మీది ఎర్రదాన్ని దించాడు.

"ఇదా! నీ కుమ్ముడు హెల్మెట్టా?" అన్నాడు తూనీగ.

"ఒరేయ్, ఆ కొత్తవాటి సంగతి నాకేం తెలుసురా? ఎవడో చేశాడు, నేను అమ్ముతున్నాను. దీని సంగతి నాకు తెలుసు. ఎన్ని దెబ్బలు తిని నిలబడిందో నా తలకి తెలుసు. నిన్ను ఎవడో చేసినదానికి ఒప్పజెప్తానా?"

పిసినారితనం అనుకునేరు! ఒట్టు, కాదు. కొట్టు మొత్తం మీద ఆయన నమ్మిన వస్తువు అదొక్కటే. దాన్ని తీసి బామ్మర్ది తలకి పెట్టి, బకిల్ కూడా తన చేత్తోనే బిగించాడు. ప్రేమ కొద్దీ ఇచ్చాడండీ. కడుపు మండేది అక్కడే.

మధ్యాహ్నానికి ఫోనొచ్చింది. వాన పడి తడిసిన మలుపులో బండి జారి, వాడు రోడ్డు మీద అంత దూరం దొర్లి, ఆగి ఉన్న లారీకి తలతో వెళ్ళి తగిలాడట.

మొగుడూ పెళ్ళాం పడుతూ లేస్తూ ఆసుపత్రికి చేరేసరికి వాణ్ణి గొట్టాల మధ్య పడుకోబెట్టి ఉన్నారు. ఆవిడ దుప్పటి తీసి పసిబిడ్డని తడిమినట్టు ఒళ్ళంతా తడిమింది. పక్కన విప్పి పెట్టిన తొడుగులు అరిగి చిల్లులు పడ్డాయి, అరచేతులు మాత్రం నున్నగా ఉన్నాయి. జాకెట్టు మోచేతి దగ్గర పీలికలైంది, మోచేతి మీద గీత లేదు. కాళ్ళు, మోకాళ్ళు, వీపు, అన్నీ బాగున్నాయి. నర్సు అందించిన సంచిలో ఎర్ర హెల్మెట్ ఉంది. పైన గీతలు పడ్డాయి తప్ప ఎక్కడా పగల్లేదు.

"చూశారా, వాడికేం కాలేదు" అని ఆవిడ మొగుడి చెయ్యి పట్టుకుని ఏడుస్తూ నవ్వింది. "అదిరిపోయి స్పృహ తప్పాడంతే. మీ కుమ్ముడు చూసి ఎన్నిసార్లు ఎగతాళి చేశానో! ఇంకెప్పుడూ చెయ్యను. మీరిచ్చిన హెల్మెటే వాణ్ణి నిలబెట్టింది."

వరండాలో కూర్చున్న ప్రతివాళ్ళకీ అదే చెప్పింది. పొట్టేలుకి ఛాతీ ఉప్పొంగింది కూడాను, అబద్ధమెందుకు?

ఆవిడ తమ్ముడి దగ్గర ఉండగా ఆయన బయట బల్ల మీద కూర్చుని, ఊరికే చేతులకి పని కావాలని, హెల్మెట్ లోపలి గుడ్డ లాగాడు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ లాగలేదు. వెనకవైపు, కంపెనీ మనిషి చెప్పిన ఆ తెల్లటి బెండు నిండుగా, దళసరిగా ఉంది. నుదుటివైపు అణిగి పల్చబడిపోయి, నెరియలు విచ్చి ఉంది. ఆ నెరియలు ఇవాళ్టివేమోనని వేలితో గీకి చూశాడు. కాదు. వాటి లోతు దాకా నూనె, చెమట ఇంకి పసుపుపచ్చగా గారకట్టి ఉంది. ఆ నూనె ఆయన తలదే.

ఇక ఆయనకి ఒకటే కావాలి. దెబ్బ వెనక తగిలి ఉండాలి. వెనక బెండు బాగానే ఉంది, వెనక తగిలితే తన తప్పు లేదు. వరండాలో ఎదురుపడిన డాక్టరమ్మని ఆపాడు.

"దెబ్బ ముందు తగిలిందా అమ్మా, వెనకా?"

ఆవిడ వింతగా చూసింది. "ఎటు తగిలినా మెదడు లోపల ఊగి రెండు వైపులా కొట్టుకుంటుందండీ. అతనికి ముందూ పోయింది, వెనకా పోయింది."

"కొత్త హెల్మెట్ అయ్యుంటే?"

"ఆ వేగానికి ఏదైనా ఆపేది కొంతే. ఆ కొంత సరిపోయేదో లేదో ఎవరూ చెప్పలేరు." అని వెళ్ళిపోయింది.

ఆయన హెల్మెట్‌ని సంచిలో వేసి, మూతి బిగించి బల్ల కిందకి తోశాడు. పెళ్ళానికి ఏమీ చెప్పలేదు. ఎలా చెప్తాడు? ఆవిడ లోపల తమ్ముడి పాదాలు ఒత్తుతూ, లేవరా, ఇంత దొంగనిద్రేంట్రా అని వాడితో మాట్లాడుతోంది.

మర్నాడు డాక్టరమ్మ ఇద్దర్నీ కూర్చోబెట్టింది. పరీక్షలు ఒకటికి రెండుసార్లు చేశామంది. మెదడు పూర్తిగా ఆగిపోయింది, ఊపిరి మనిషిది కాదు, మిషనుది, మీరు ఒప్పుకుంటే తీసేస్తాం అంది.

"ఒప్పుకోను" అంది ఆవిడ. "ఒంటి మీద గీత లేని పిల్లాణ్ణి పోయాడంటారేంటి? హెల్మెట్ చెక్కు చెదరలేదు, లోపలున్న తలకి ఏమవుతుంది? ఏడాదైనా ఇక్కడే కూర్చుంటా. ఏమండీ, మీరు చెప్పండి! ఇన్నేళ్ళుగా అమ్ముతున్నారు, ఈవిడకేం తెలుసు? చెప్పండి!"

డాక్టరమ్మ పొట్టేలు వంక చూసింది. ఆయన నోరు మెదపకపోతే ఆవిడ నమ్మకం అలాగే ఉంటుంది. తూనీగ ఆ గొట్టాల మధ్య అలాగే ఉంటాడు. ఆవిడ ఆ పాదాలు పట్టుకుని రోజూ పిలుస్తూనే ఉంటుంది. ఇంటికి మాత్రం రారు, ఇద్దర్లో ఎవరూ. ఆయన లేచి వెళ్ళి బల్ల కింద నుంచి సంచి తెచ్చాడు. గుడ్డ లాగి, హెల్మెట్ బోర్లా తిప్పి ఆవిడ ఒళ్ళో పెట్టాడు.

"తలని కాపాడేది పైచిప్ప కాదే. ఈ తెల్లది. ఇది ఎప్పుడో చచ్చిపోయింది. నేనే చంపాను, ఆ స్తంభానికి కొట్టి కొట్టి. కంపెనీవాడు చెప్పాడు కూడా. నేను వినలేదు."

ఆవిడ ఆ పసుపుపచ్చటి నెరియల మీద వేలు పెట్టింది. చాలాసేపు తీయలేదు.

"కొట్లో కొత్తవి లేవా?"

"ఉన్నాయి."

"కొత్తది ఇచ్చుంటే బతికేవాడా?"

"తెలీదే. డాక్టరమ్మని అడిగాను. ఆవిడకీ తెలీదంట."

ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండునని ఆయన ఎదురుచూశాడు. హెల్మెట్‌ని పక్క కుర్చీలో పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుని, డాక్టరమ్మ వైపు తిరిగింది.

"తీసెయ్యండి. వాడి దగ్గర నేనుంటాను."

ఆయన కూడా లేచాడు.

"మీరు రావద్దు" అంది ఆవిడ.