అవతలి పక్క దిమ్మ

మొదట్లో మేకుల బాబాయ్ చేతిలో ఉన్నవి ఇవి: అమ్మేసిన ఇనప సామాన్ల కొట్టు వెనకాల ఒక షెడ్డు, అదీ కొట్టు కొనుక్కున్న బేకరీ ఆవిడ కొత్త పొయ్యి దిగేదాకానే, అందులో టార్పాలిన్ కింద సగం బాగుపడిన పాత చెక్క మోటారు పడవ, గోనెసంచిలో రాగి మేకులు, అరచేతిలో నిండుగా కూర్చునే ఇనప దిమ్మ. లేనిది ఒక్కటే. ఆ దిమ్మ పట్టుకునే మనిషి.

పడవ ఆయన భార్య ముచ్చట. రేవు పక్కన బోర్లా పడి ఉన్నదాన్ని చూసి మనసు పారేసుకుంది. బాబాయ్ అమ్ముడుపోని తలుపు బందులిచ్చి దాన్ని మార్చుకొచ్చాడు. బేరం గిట్టిందని ఆయన, పడవ వచ్చిందని ఆవిడ సంబరపడ్డారు.

పుచ్చిన పలకలు ఊడదీసి కొత్తవి బిగించాలి. ఆ పని ఒక్కరివల్ల కాదు. బయటినుంచి దిగగొట్టిన మేకు తలకి ఒకరు దిమ్మ అదిమి పట్టాలి. లోపల కూర్చున్నవారు మేకు మొనకి రాగి బిళ్ళ తొడిగి, సుత్తితో మొన అణచాలి. మధ్యలో పలక. ఒకరికొకరు కనపడరు. బయట దిమ్మ పట్టుకున్న ఆవిడ పలక మీద ఒకసారి తడితే పట్టుకున్నానని, రెండుసార్లు తడితే పక్క మేకుకి పదమని. పొద్దస్తమానం కొట్లో నోరు నొప్పిపుట్టేలా మాట్లాడే మనిషికి ఆ చప్పుడు ఎంతో హాయిగా ఉండేది. ఎడమ పక్క పూర్తయింది. కుడి పక్క మొదలుపెట్టేలోపే ఆవిడ మంచాన పడింది. మరి లేవలేదు.

"పొయ్యి వచ్చేటప్పటికి ఇది ఇక్కడే ఉంటే అందులో పెట్టేస్తా బాబాయ్," అంది బేకరీ ఆవిడ. "ఎండిన చెక్క, బ్రహ్మాండంగా మండుతుంది."

నవ్వుతూనే అంది. కానీ అన్నంత పనీ చేసే మనిషే.

రేవులో పడవల మేస్త్రీని పిలిస్తే, ఇప్పుడెవరు చేస్తారండీ, ఫైబర్‌ది కొనుక్కోండని వెళ్ళిపోయాడు. మనిషి పట్టే దిమ్మని దుంగ పట్టలేదా అని బాబాయ్ లెక్కవేశాడు. గోడకీ పలకకీ మధ్య దుంగ ఇరికించి, దాని కొసన దిమ్మ ఆనించి, లోపలికెళ్ళి సుత్తి ఎత్తాడు. మొదటి దెబ్బకే దుంగ జారింది. మేకు వంగింది, కొత్త పలక నిలువునా చీలింది. ఇంకో పలకదీ అదే గతి. నష్టపు బేరాలు ఆయన ఎరగనివి కావు గానీ, ఎదుట మనిషే లేకుండా నష్టపోవడం అదే మొదలు.

బేకరీ ఆవిడ మోచేతుల దాకా పిండితో వచ్చి చూసింది.

"పడవ బాగుచేస్తున్నారా, పుల్లలు చీలుస్తున్నారా?"

"నీ పొయ్యికే కదమ్మా."

"నేను పట్టుకుంటే త్వరగా ఖాళీ చేస్తారా?"

"నువ్వు రోజూ వస్తే పొయ్యికన్నా ముందే. పైగా కొట్లో అరలన్నీ నీకే."

"అవి గోడకి కట్టినవి, ఎలాగూ పీక్కెళ్ళలేరు. ఈ దిమ్మ ఇవ్వండి. మా తలుపు గాలికి కొట్టుకుంటోంది."

"దానికి బేరం లేదు."

ఆ మాట ఆయన నోట ఎన్నడూ వినలేదు కాబోలు, ఆవిడ ఒక్క క్షణం చూసింది. మేకుకి అదిమి పట్టడానికి దిమ్మ అందుకుంది.

పొద్దుటి రొట్టెలు అమ్ముడుపోయాక వచ్చేది. "ఊఁ" అంటే పట్టుకున్నట్టు, "పద" అంటే అయినట్టు. తట్టడం గురించి బాబాయ్ చెప్పలేదు. చెబితే పోయేదేమీ లేదు. అయినా చెప్పలేదు.

ఒకనాడు ఆకలికి ఆగలేక బన్ను నోట కరుచుకునే వచ్చింది. ఊఁ అనడానికి నోరు ఖాళీ లేదు. పలక మీద ఒకసారి తట్టింది.

లోపల సుత్తి లేవలేదు.

కాసేపటికి నములుతున్న గొంతు వినపడింది. "బాబాయ్, నిద్రపోయారా?"

"లేదమ్మా. మళ్ళీ తట్టు."

"ఏం, మొదటిది లెక్కలోకి రాదా?"

"సరిగ్గా వినపడలేదు."

ఆవిడ మళ్ళీ తట్టింది. ఆయన కొట్టాడు. మొన అణిగాక, ఎవరూ నేర్పకుండానే, రెండుసార్లు తట్టింది. పక్క మేకుకి జరగడానికి ఆయనకి చాలాసేపు పట్టింది.

మర్నాడు ఉత్త నోటితో వచ్చింది. మళ్ళీ ఊఁ, పద. రేపు కూడా బన్ను తెచ్చుకోమ్మా అందామనుకున్నాడు. ఎందుకని అడుగుతుందేమోనని సుత్తి అందుకుని లోపలికెక్కాడు.

పొయ్యి దిగిన రోజునే పడవ రేవుకి చేరింది. "ఈ పొయ్యి వదిలి ఎక్కడికి రాను? ఎప్పుడైనా నన్నూ తిప్పండి," అంది బేకరీ ఆవిడ. "దానికేం," అన్నాడు. ఆ 'ఎప్పుడైనా' రాదని ఇద్దరికీ తెలుసు.

ఎండిన పలకలు మొదట నీళ్ళు తాగాయి. బాబాయ్ తోడిపోస్తూ కూర్చున్నాడు. చెక్క ఉబ్బి అతుకులు మూసుకున్నాక ఇంజను తిప్పాడు. అది దగ్గి దగ్గి అందుకుంది. పడవని మళ్ళించే చక్రం కుడి సీటు ముందుంది. ఇద్దరి కోసం చేసిన పడవ, ఒక్క మనిషి బరువుకి ఆ పక్కకే ఒరిగింది. సంచిలోంచి దిమ్మ తీసి ఎడమ సీటు మీద పెట్టాడు. ఒరుగు తగ్గలేదు. అంత ఇనుముకి తగ్గదని ఆయనకి తెలియకా కాదు.

కొట్టు పోయింది. షెడ్డు పోయింది. పలక అవతల మనిషి ఒకసారి పోయి, ఒక పూట వచ్చి, మళ్ళీ పోయింది. మిగిలింది చుక్క నీరు కారని పడవ, అదీ ఒక పక్కకి ఒరిగి. దిమ్మని అక్కడే ఉంచి ముందుకు పోనిచ్చాడు.