తెరిచే ఉండిపోయిన సొరుగు

ఇంగ్లీషు పుస్తకాలు అచ్చువేసే ఆ ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పెద్దాయన్ని అందరూ కామాగారు అనేవారు. కన్నవాళ్లు పెట్టిన పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడేది కాదు. కామా ఒకటి పక్కకు జరిగిందని రచయితలకు కబురుపెట్టి మూడంతస్తుల మెట్లెక్కించిన మనిషి ఆయన. ఎదురు చెప్పినవాళ్లకు కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, గంటసేపు ఓపిగ్గా నచ్చజెప్పేవారు. గంట తర్వాత కామా ఆయన చెప్పిన చోటే ఉండేది. రచయిత మాత్రం తల పట్టుకుని మెట్లు దిగేవాడు.

ఆయన చూసి వదిలిన ప్రతి పేజీ మూలనా ఆకుపచ్చ సిరాతో పొడి సంతకం ఉండేది. ఆ సంతకం పడ్డాక ఒక్క చుక్క కూడా తప్పుపోయిన పేజీ ముప్ఫై ఒక్క ఏళ్లలో లేదు. ఈ మాట ఇంకెవరో చెప్పేదాకా ఆగే అలవాటు ఆయనకు లేదు. మంగలి కుర్చీలో, మందుల షాపులో, బస్సులో పక్కసీటు వాళ్ల దగ్గర, అడిగినా అడగకపోయినా, "ఒక్కటి కూడా పోలేదండీ" అనేవారు. ఇంట్లో ఆ మాట మొదలైతే చాలు, ఆయన భార్య లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది. అక్కడ ఆవిడకు పనేమీ ఉండేది కాదు.

ప్రూఫు దిద్దడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఒకరు రచయిత రాసిన ప్రతిని పైకి చదవాలి, ఇంకొకరు అచ్చయిన కాగితం మీద వేలు పెట్టి దాని వెంట నడవాలి. చదివే మనిషి ప్రతిచోటా కామా అనీ ఫుల్‌స్టాప్ అనీ నోటితో చెబుతూ కూర్చుంటే పుస్తకం ఏడాదికి కూడా తెమలదు. అందుకని కామాగారు చప్పుళ్లు కనిపెట్టారు. వేలి కణుపుతో బల్ల మీద ఒకసారి కొడితే కామా, రెండుసార్లయితే సెమీకోలన్. అరచేత్తో చరిస్తే ఫుల్‌స్టాప్. కొటేషన్లకు చిటికె. బ్రాకెట్ తెరుచుకుంటే బల్ల సొరుగు లాగాలి, మూసుకున్నప్పుడు లోపలికి నెట్టాలి. కొత్తగా వచ్చినవాళ్లు ఆ గది దాటుతూ లోపల వడ్రంగులు పని చేస్తున్నారనుకునేవారు.

ఆరేళ్లుగా ఆ చదివే మనిషి ఆయన కోడలే. పెళ్లయిన కొత్తలో, గోడలు చూస్తూ ఇంట్లో కూర్చోలేనని, తననూ ప్రెస్సుకు తీసుకెళ్లమని ఆమే అడిగింది. చదువు కాలేజీ గడప తొక్కకుండానే ఆగిపోయింది. మొదటి నెలల్లో పెద్ద మాటలు పలకలేక నాలుక మడతపడేది, సొరుగులో వేళ్లు నలిగేవి. రెండో ఏడు వచ్చేసరికి రచయిత కామా పెట్టని చోట కూడా ఆమె వేలు తనంతట తానే బల్లను తట్టేది. "ఇక్కడ ఒకటి ఉండాలి కదా మామయ్యా" అనేది. ఆయన చూసేవారు. ఉండాలి. "ఊఁ, చదువు" అనేవారు, అంతకు మించి ఒక్క మెప్పు మాట లేదు. ఆ చప్పుళ్లు ఇంటిదాకా వచ్చాయి. భోజనం దగ్గర చాలు అనడానికి మామా కోడళ్లిద్దరూ కంచం పక్కన అరచేత్తో చరుస్తుంటే, మీకేమైనా నోళ్లు పడిపోయాయా అని అత్తగారు విసుక్కునేది.

కామాగారు ఆ నెలాఖరుకు ఉద్యోగంలోంచి దిగిపోతున్నారు. ఆ కుర్చీకి పరీక్ష పెడతామని మేనేజరు ప్రకటించాడు. ప్రెస్సువాళ్లూ రాయవచ్చు, బయటివాళ్లూ రాయవచ్చు. ఆ తర్వాత పైకి చదవడానికి వేరే మనిషిని పెట్టబోమని కూడా తేల్చి చెప్పాడు. కోడలికి విషయం అర్థమైంది. ప్రూఫురీడరు కుర్చీ దక్కితే ప్రెస్సులో ఉంటుంది, దక్కకపోతే మళ్లీ ఆ గోడలే. వెళ్లి దరఖాస్తు ఇచ్చి వచ్చింది.

ప్రశ్నపత్రం మేనేజరే టైపు చేశాడు. పైన ఎలా రాయాలో చెప్పే సూచనలు, కింద ఒక్క చుక్కా లేని ఇంగ్లీషు పేజీ. అందులో నలభై గుర్తులు పెట్టాలి. పత్రం సరిచూసి, తర్వాత జవాబులు దిద్దే పని కామాగారిది. కోడలు పరీక్ష రాస్తోంది కాబట్టి ఆమె కంట పడకూడదు. ఆయన తలుపు వేసుకుని, ముప్ఫై ఒక్క ఏళ్లలో మొదటిసారి ఒంటరిగా, మనసులో చదువుకుని, అన్ని కాపీల మీదా ఆకుపచ్చ సంతకం పెట్టి ఇచ్చేశారు.

పరీక్షకు ఎనిమిది మంది కూర్చున్నారు. ఏడుగురికి డిగ్రీలున్నాయి. అందులో ఒకతను ప్రూఫురీడింగులో సర్టిఫికెట్ కూడా ఉన్నవాడు, దాన్ని లామినేషన్ చేయించి బల్ల మీద ఎదురుగా పెట్టుకున్నాడు. రెండు నిమిషాలకే కోడలి కణుపులు బల్ల మీద మొదలయ్యాయి. సర్టిఫికెట్ అతను తల ఎత్తి మేనేజరు వైపు చూశాడు. చప్పుడు చేయవద్దని మేనేజరు ఆమెకు చెప్పాడు. ఆమె చెయ్యి మోకాలి మీదకు దిగింది. అద్దం తలుపు బయట నిలబడిన కామాగారికి, బల్ల కింద ఆ చెయ్యి ఆడుతూ ఉండడం కనిపిస్తోంది. వినపడకపోవడం ఆయనకు ప్రాణాల మీదకు వచ్చింది.

పేర్లు కవరులో దాచి, కాగితాల మీద నంబర్లు మాత్రం వేసి మేనేజరు ఆయన ముందు పెట్టాడు. కామాగారు మధ్యాహ్నమంతా దిద్దారు. ఐదో నంబరుకు నలభైకి నలభై. మూడో నంబరుకు ముప్ఫై తొమ్మిది, ఒక కామా పోయింది. మిగతావాళ్లు ముప్ఫై కూడా దాటలేదు. మూడో కాగితాన్ని పక్కన పెట్టబోతుంటే, పైనున్న సూచనల మధ్య ఎర్ర సిరా కనిపించింది. రెండో వాక్యంలో మేనేజరు ఒక బ్రాకెట్ తెరిచి మూయడం మరిచిపోయాడు. మూడో నంబరు దాన్ని మూసి, సున్నా చుట్టి, ప్రెస్సు పద్ధతిలో అంచున గుర్తు పెట్టింది. ఆ గుర్తుకు బెత్తెడు దూరంలో ఆయన ఆకుపచ్చ సంతకం ఉంది.

ఆయన మిగతా ఏడు కాగితాలూ తిప్పి చూశారు. ఏడింటిలోనూ బ్రాకెట్ నోరు తెరుచుకునే ఉంది. ఐదో నంబరు అని చెబితే సరిపోతుంది, ఎవరికీ ఏమీ తెలియదు, ముప్ఫై ఒక్క ఏళ్ల మాట చెక్కుచెదరదు. నోరు విప్పితే ఆ మాట నీళ్లపాలవుతుంది. పైగా ఆ ఎర్ర గుర్తు ఆరేళ్లుగా ఆయన చూస్తున్న కోడలి చేతిదే. ఇంటి మనిషికి తనే వడ్డించుకున్నాడని నలుగురూ అంటారు. మేనేజరు వచ్చి తేలిందా అని అడిగాడు.

"ఒక తప్పు పోయింది బాబూ," అన్నారు కామాగారు. "నాది."

ఆయన కాగితం తిప్పి సంతకాన్నీ ఎర్ర గుర్తునూ వేలితో చూపించారు. మేనేజరు రెండుసార్లు చదివి, సూచనలు పరీక్షలో భాగం కాదు కదా అన్నాడు.

"అచ్చయిన కాగితం మీద ప్రూఫురీడరుది కాని భాగం ఉండదు. ఈ మూడో నంబరు ఎవరో నాకు తెలుసు. అందుకని మార్కులు నేను వెయ్యను. మీరే ఆలోచించండి."

మేనేజరు ఐదో నంబరు ఎవరో రమ్మని బయటికి కేక వేయించి, ఈ పేజీలో ఇంకేమైనా కనిపిస్తోందా అని అడిగాడు. వచ్చిన సర్టిఫికెట్ అతను చాలాసేపు చూశాడు, కనిపించగానే మొహం ఎర్రబడింది. సూచనలు దాటేసి నేరుగా ప్రశ్నకు వెళ్లిపోయానని దాచకుండా ఒప్పుకున్నాడు. అతను వెళ్లాక మేనేజరు కవరు చింపాడు.

"వెతకమన్న తప్పు ఎవరైనా వెతుకుతారు," అన్నాడు. "వెతకమనని చోట పట్టుకున్న మనిషి నాకు కావాలి. మీ కోడల్ని పిలవండి."

సాయంత్రం మామా కోడళ్లిద్దరూ బస్సు దిగి నడుస్తున్నారు. వీధి మలుపులో ఆయన ఆగి, కాగితం మీద నా సంతకం చూడలేదా అని అడిగారు.

"చూశాను మామయ్యా. అందుకే మూడుసార్లు చదివాను. మీరు ఎక్కడో మూసే ఉంటారు, నాకే కనపడలేదనుకున్నాను." అంది ఆమె. "కాగితం ఇచ్చేద్దామని లేవబోతే, చదువుతూ అలవాటుగా లాగిన సొరుగు మోకాలికి తగిలింది. తెరిచే ఉండిపోయింది. మరి ఎక్కడా మూయలేదు కదా అని మళ్లీ కూర్చున్నాను."

కామాగారు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. తాను ఒక్కడే చదివాననీ, సొరుగు లాగే మనిషి లేకపోయిందనీ చెప్పాలనుకున్నారు. దానికి బదులు జేబులోంచి ఆకుపచ్చ పెన్ను తీసి ఆమె చేతిలో పెట్టారు. ఆరేళ్లుగా నోటి దాకా వచ్చి ఆగిన మాట అప్పుడు అన్నారు.

"నాకంటే బాగా చూశావమ్మా."

తప్పు బయటపడ్డాక ఆయన కొన్నాళ్లు తలదించుకుని తిరుగుతారని ప్రెస్సులో అనుకున్నారు. ఆ వారమే మంగలి కుర్చీలో కూర్చుని, మెడకు గుడ్డ చుట్టకముందే మొదలుపెట్టారు.

"ముప్ఫై ఒక్క ఏళ్లలో ఒక్కటే పోయిందండీ," అన్నారు, మునుపటికంటే గట్టిగా. ఎవరు పట్టుకున్నారని మంగలి అడిగేదాకా ఓపిగ్గా ఆగారు. తర్వాత మందుల షాపులో చెప్పారు, బస్సులో చెప్పారు, ఇంటికి వచ్చిన చుట్టాలకు చెప్పారు. చుట్టాల దగ్గర ఆ మాట మొదలయ్యేసరికి ఆయన భార్య వంటింట్లో ఉంది. పొయ్యి ఆర్పి, చెయ్యి తుడుచుకుని, వినడానికి బయటికి వచ్చి కూర్చుంది.