తవిటమ్మ ఇచ్చిన రెండు గొట్టాలు

నేను ఒక ఐసు పెట్టెను. ఇప్పుడంటే మూత విరిగి స్టోరు గదిలో మూల పడున్నాను గానీ, ఫ్యాక్టరీలో పుట్టినప్పుడు నా నీలిరంగు చూడముచ్చటగా ఉండేది. కొన్నేళ్ళు పోలియో చుక్కలు మోశాను. తర్వాత శ్రీకాకుళం వైపు ఒక ప్రభుత్వ ప్రయోగశాలకు బదిలీ చేశారు. నన్నెవరూ అడగలేదు లెండి. అప్పటినుంచి నా కడుపులో రక్తమే.

జీడితోటల మధ్య ఊళ్ళు అవి. అక్కడ కిడ్నీలు చెడి నడివయసులోనే పోయేవాళ్ళు ఎక్కువ. రక్తం తీసే సుభాషిణి నన్ను భుజాన వేసుకుని వెళ్ళి బడి వరండాలో కూర్చునేది. జబ్బు ఉందంటే జనానికి భయం, లేదంటే నమ్మకం లేదు. మనుషులతో ఎప్పుడూ ఇదే తంటా.

ఒక ఊళ్ళో కూర్మారావు అనే అతను అసలు రాలేదు. అతని అన్న ఆ జబ్బుతోనే పోయాడు. సూది పేరెత్తితే చాలు, తోటలోకి పారిపోయేవాడు. అతని భార్య తవిటమ్మ తన వంతు అయ్యాక మళ్ళీ చెయ్యి చాపింది.

"ఆయన పేరున కూడా నా రగతమే తియ్యమ్మా. నాకేటీ నేదు, నాను బాగానే ఉన్నాను. ఆయనకేటీ నేదని కాయితం వొస్తే గుండె నిబ్బరంగా ఉంటాడు."

ఊరంతా పూర్తయిందని సుభాషిణి పైవాళ్ళకు చెప్పుకోవాలి. అటూ ఇటూ చూసి తీసేసింది. రెండు గొట్టాలనూ పక్కపక్కనే మోసుకొచ్చాను.

ఇద్దరికీ కిడ్నీలు బాగా దెబ్బతిన్నాయని ఫలితం వచ్చింది. కూర్మారావు అన్నం మానేసి మంచం పట్టాడు. బంధువులు బలవంతాన పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళి మళ్ళీ పరీక్ష చేయిస్తే, ఏ జబ్బూ లేదన్నారు.

"మిషనే పాడైపోనాది! మా ఇంటిదాని కాయితం కూడా తప్పే!" అని ఊరంతా తిరిగి చెప్పాడు. పాపం, మిషన్ ఏం చేస్తుంది? నోరులేని వాళ్ళం, నిందలు మోయడానికి బాగా పనికొస్తాం.

ఆ సాయంత్రమే తవిటమ్మ సుభాషిణిని వెతుక్కుంటూ వచ్చింది.

"అమ్మా, రెండు గొట్టాలూ నావే గదా?"

సుభాషిణి తల దించుకుంది. "నువ్వూ ఆసుపత్రికి వెళ్ళాలి తవిటమ్మా. మీ ఆయనతో నేను చెప్తాను" అంది. ఆ గొంతులో బలం లేదు. నిజం బయటపడితే తన ఉద్యోగం పోతుంది.

"ఒద్దమ్మా, సెప్పకు. ఆయన ఇయ్యాలే కడుపునిండా తిన్నాడు."

సుభాషిణి సరేనంది. అప్పుడు ఆమె ముఖంలో కనిపించిన తేలికదనం చూసి నాకు అసహ్యం వేసింది. ఇప్పటికీ వేస్తుంది.

మళ్ళీ ఎండలు ముదిరాక ఆ ఊరు వెళ్ళాం. అందరికంటే ముందు కూర్మారావే వచ్చి కూర్చున్నాడు, చంకలో చిన్నకూతురు. తవిటమ్మ పోయి నెలైనా కాలేదట.

"పోయేముందు సెప్పింది" అన్నాడు సుభాషిణితో. అతని మాటలో కోపం లేదు, అందుకే వినలేకపోయాను. చెయ్యి చాపాడు. "ఈసారి నా రగతమే తియ్యమ్మా. నా బదులు ఇచ్చీవోళ్ళు నేరు."

సుభాషిణికి ఎంతసేపటికీ నరం దొరకలేదు.

ఆ గొట్టాన్నీ జాగ్రత్తగానే మోశాను. ఫలితంలో ఏ దోషమూ లేదు. ఆ కాగితం ఇవ్వడానికి సుభాషిణి వెళ్ళలేదు, ఇంకెవరినో పంపింది.