మూడు కాళ్లూ మడిచాక

టామ్సిన్ టోపీలోంచి చీటీ తీసి, విప్పి, పైకి చదివే ముందు ఒకసారి గుటక మింగింది. అది చూడగానే గ్లెనిస్ పాస్కోకి విషయం అర్థమైపోయింది.

"గ్లెనిస్, మీ జత నోరీన్," అంది టామ్సిన్.

కారు పార్కులో టీ ఫ్లాస్కుల చుట్టూ నిలబడ్డ మిగతా పది మందీ ఒక్కసారిగా సముద్రం వైపు తిరిగారు, అక్కడేదో మునుగుతున్నట్టు. నోరీన్ టల్లక్ మాత్రం కప్పులో మిగిలిన టీ తాగేసి, కప్పు దులిపి, సంచిలో పెట్టుకుంది. ఆవిడ ఏ పనీ తొందరగా చెయ్యదు. ఆ నిదానం చూస్తేనే గ్లెనిస్‌కి ఒళ్లు మండుతుంది.

పోర్ట్‌లాండ్ ఫోటో క్లబ్బులో ఆ ఇద్దరికీ మాటల్లేక ఇరవై మూడేళ్లు. అంత చిన్న రేవు పట్నంలో అన్నేళ్లు మాట్లాడకుండా ఉండటం తేలికైన పని కాదు. ఇద్దరికీ పళ్ల డాక్టరు ఒకడే, మాంసం కొట్టు ఒకటే, పొద్దున్నే నడవడానికి సముద్రంలోకి చొచ్చుకుపోయిన ఆ రాళ్ల కట్టా ఒకటే. కట్ట మీద ఎదురుపడితే గ్లెనిస్ రాళ్ల మీద పడుకున్న సీల్ జంతువుల వైపు చూసేది. వాటి కంపు ముక్కు పగలగొడుతున్నా సరే, ఆవిడ దాటిపోయేదాకా చూసేది.

"ఇద్దరికీ కలిపి ఒక్కటే కెమెరా," అంది టామ్సిన్ గొంతు సవరించుకుని. కొత్తగా అధ్యక్షురాలైంది. ముప్పై ఆరేళ్ల పిల్ల, వృద్ధుల ఆశ్రమంలో నర్సు. ముసలాళ్లని నడిపించడం దానికి అలవాటే అని గ్లెనిస్ ఇదివరకే ఇద్దరు ముగ్గురితో అంది. "కెమెరా ఉన్నవాళ్లు ముందు. లేనివాళ్లు పది అడుగులు వెనక. కట్ట చివరిదాకా వెళ్లి రండి. మాటల్లేవు. కెమెరా ఒక్కసారే నొక్కాలి. వెనక నడిచినవాళ్లు తిరిగొచ్చాక తాము చూసిందేదో ఒకటి చెప్పాలి. అంతే. ఊపిరి మీద ధ్యాస పెట్టండి. పాదం నేలకి ఎక్కడ తగులుతోందో గమనించండి."

"అరవై ఎనిమిదేళ్లుగా కిందే తగులుతోందమ్మా," అంది గ్లెనిస్.

ఇద్దరు నవ్వారు. టామ్సిన్ కూడా నవ్వబోయి మానుకుంది.

ఈ శనివారం నడకలు మొదలుపెట్టిందే గ్లెనిస్. స్కూలు బస్సు నడుపుకుంటూ, సెలవు రోజుల్లో క్లబ్బు వాళ్లని పోగేసి, మొదటి అరగంట లెన్సు మూత తియ్యనిచ్చేది కాదు. ముందు నడవండి, కాళ్లు కుదురుకోనివ్వండి, ఏది మిమ్మల్ని ఆపుతుందో చూడండి, ఆగాక ఓపిక పట్టండి అని ముప్పై ఏళ్ల క్రితమే చెప్పింది. ఇప్పుడీ పిల్ల ఆ ముక్కకే అగరొత్తులు వెలిగించి తెచ్చింది. క్లబ్బు రూలు పెట్టింది కూడా గ్లెనిసే. ఒక చోటు కోసం ఇద్దరు మగాళ్లు చొక్కాలు పట్టుకున్న రోజున ఆవిడే తీర్పు చెప్పింది: కెమెరా పెట్టే ట్రైపాడ్ నిలబడి ఉన్నంతసేపు, మనిషి పక్కన లేకపోయినా, ఆ చోటు వాళ్లది. మూడు కాళ్లూ మడిచారా, వదిలేసుకున్నట్టే. అప్పట్నుంచీ ఎవరూ దాన్ని మీరలేదు, నోరీన్ తప్ప.

అది 2001 జూలై, ఇక్కడ నడి చలికాలం. ఇవాళ్టిలాంటి చలే. కట్ట వంపు తిరిగే చోట గ్లెనిస్ చీకటితో వచ్చి ట్రైపాడ్ నిలబెట్టింది. కొత్త రీలు కోసం కారు దగ్గరికి వెళ్లొచ్చేలోపు మబ్బు కింద అంచు తెరుచుకుని వెలుగు పరుచుకుంది. ఆ వెలుగుని నోరీన్ పట్టేసింది, గ్లెనిస్ ట్రైపాడ్‌ని పక్కకి జరిపి, దాని గుర్తుల్లోనే తన ట్రైపాడ్ నిలబెట్టి. తడిసిన కట్ట మొత్తం ఈ చివరి నుంచి ఆ చివరికి వెలుగుతున్న ఆ ఫోటోకి నోరీన్ 'ఖాళీ కట్ట' అని పేరు పెట్టింది. దానికి మెల్‌బోర్న్‌లో బహుమతి వచ్చింది. ఊరి లైబ్రరీలో గోడకెక్కింది. గ్లెనిస్ ఈ కథని విన్నవాళ్లకీ విననివాళ్లకీ చెప్పింది. నోరీన్ మొదట్లో ఒకసారి, "నేనేమీ జరపలేదు," అని ఊరుకుంది. ఆ ఊరుకోవడమే దొంగతనానికి రుజువని గ్లెనిస్ వాదించింది.

ఇప్పుడు క్లబ్బుకి యాభై ఏళ్లు నిండాయని పుస్తకం వేస్తున్నారు. అట్ట మీద 'ఖాళీ కట్ట'. ఆ కబురు విన్న రోజున గ్లెనిస్ ఒంటికాలి మీద లేచింది. ఫోటో కింద తన పేరు వెయ్యాలి, ఈ చోటు గ్లెనిస్ పాస్కోది అని రాయాలి, లేకపోతే ముప్పై ఏళ్ల సభ్యత్వానికి నీళ్లొదిలి పోతానని కుండ బద్దలు కొట్టింది. పదకొండు గంటలకి ఇక్కడే కమిటీ కూర్చుంటుంది. సోమవారం పుస్తకం అచ్చుకెళుతుంది. గ్లెనిస్‌కి ఇవాళ కావలసింది ఆ ఒక్క లైనే. చచ్చేలోపు ఆ లైను చూసుకోవాలి.

కెమెరా గ్లెనిస్ చేతికొచ్చింది. నోరీన్ పది అడుగులు వెనక్కి తగ్గింది, లెక్కపెట్టుకుని మరీ.

నడవడం మొదలుపెట్టిన రెండు నిమిషాలకే గ్లెనిస్‌కి తెలిసిపోయింది, ఇవాళ తనకేమీ కనబడదని. నోరీన్ కుడి బూటు కిర్రుమంటోంది. అడుగు వదిలి అడుగు కిర్రు. గ్లెనిస్ ఆగితే అదీ ఆగుతోంది. నడిస్తే నడుస్తోంది. ఎడమ పక్క పడవలు, కుడి పక్క అలలు, మధ్యలో వీపుకి గుచ్చుకుంటున్న ఆ కళ్లు. సాయంకాలం దాకా నడిచినా ఈ బూటు తప్ప ఇంకేమీ వినబడదు కదా అని పళ్లు నూరుకుంది. ఊపిరి మీద ధ్యాస పెట్టమంది ఆ పిల్ల. ఊపిరి బుసలు కొడుతోంది.

గాలం వేసుకు కూర్చున్న ఒకాయన వాళ్లని ఎగాదిగా చూశాడు. ఊళ్లో అందరికీ తెలిసిన గొడవే.

"ఏంటి, రాజీ పడ్డారా ఇద్దరూ?" అన్నాడు.

నోరు తెరవకూడదు. గ్లెనిస్ అతని వైపు ఒక చూపు చూసింది. అతను గాలం సర్దుకున్నాడు. వెనక నుంచి చిన్న దగ్గులాంటిది వినిపించింది. నవ్వే అయ్యుండాలి.

వంపు దగ్గరికొచ్చేసరికి కాళ్లు వాటంతటవే ఆగాయి. ఇదే చోటు. ఆకాశం పాతబడిన అల్యూమినియం గిన్నెలా ఉంది. ఏ వైపూ వెలుగు లేదు. ఆ రోజూ ఇలాగే ఉంది. ఆ చలి వేళ్లకి ఇంకా గుర్తుంది. ట్రైపాడ్ కాలి మర బిగుసుకుపోయి, వేళ్లు పట్టు దొరక్క, చేతిగుడ్డ చుట్టి తిప్పింది. తిప్పుతూ ఏదో అంది కూడా, పక్కన నిలబడ్డ నోరీన్‌తో. కారు దగ్గరికి రీలు కోసం వెళ్లేదానికి మర ఎందుకు తిప్పాల్సి వచ్చిందో గ్లెనిస్ ఆలోచించలేదు. ఇరవై మూడేళ్లుగా ఆలోచించలేదు. అక్కడిదాకా వచ్చిన ప్రతిసారీ మనసు ఆ రాయి దాటుకుని పక్క రాయి మీద కాలేస్తుంది.

వెనక బూటు చప్పుడు లేదు. నోరీన్ నిలబడి ఉంది. ఆవిడ అలా గంటలు గంటలు నిలబడగలదు, గోడకి కొట్టిన మేకులా.

గ్లెనిస్ కెమెరా ఎత్తింది. ఎదురుగా రాళ్లు, నీళ్లు. నొక్కింది. కట్ట చివరిదాకా ఇంకా సగం దూరం ఉంది. నీ నడకా వద్దు నువ్వూ వద్దు అనుకుని వెనక్కి తిరిగి, నోరీన్ పక్కనుంచే విసురుగా కారు పార్కు వైపు నడిచింది. కిర్రు చప్పుడు మళ్లీ మొదలైంది, పది అడుగుల వెనక.

అందరికన్నా ముందు తిరిగొచ్చింది వాళ్లే. మిగతావాళ్లు వచ్చేదాకా ఒకరు టీ ఫ్లాస్కులున్న బల్లకి ఈ చివర, ఒకరు ఆ చివర కూర్చున్నారు. టామ్సిన్ వాళ్లకి బిస్కెట్లు పెట్టింది. ఇద్దరూ తీసుకోలేదు.

అందరూ చేరాక చెప్పడం మొదలైంది. ఒకాయన తాళ్ల మీద ఉప్పు చూశానన్నాడు. ఒకావిడ తన జత నడుస్తూ వేళ్లతో ఏదో లెక్కపెడుతోందంది. అందరూ తలలూపారు. నోరీన్ వంతు వచ్చింది.

"నేను ఈవిడ వీపు చూశాను," అంది నోరీన్.

"నా ముందుంటే వీపే కనబడుతుంది," అంది గ్లెనిస్. ఇరవై మూడేళ్ల తర్వాత నోరీన్‌తో అన్న మొదటి మాట అదే.

"ఇంతకుముందు కూడా చూశాను. ఇలాగే చివరిదాకా ఉండకుండా పోతుంటే." నోరీన్ సంచిలోంచి గట్టి కవరు తీసి, దాంట్లోంచి పెద్ద ప్రింటు తీసి బల్ల మీద పెట్టింది. "కమిటీలో చూపిద్దామని తెచ్చాను. ఇప్పుడే చూడండి. ఆ రోజు రీలులో 'ఖాళీ కట్ట' పన్నెండో ఫోటో. ఇది దానికి ముందు తీసిన పదకొండోది."

అందరూ ముందుకి వంగారు. గ్లెనిస్ వంగలేదు. కూర్చున్న చోటి నుంచే ఆవిడకి కనబడింది.

అదే కట్ట, అదే వంపు. ఎడమ పక్క మబ్బు కింద సన్నటి గీతలా వెలుగు అప్పుడే పుడుతోంది. ఆ వెలుగుకి వీపు పెట్టి, తల వంచుకుని, కుడి పక్కకి, కారు పార్కు వైపు నడిచిపోతున్న ఒక ఆడమనిషి. భుజం మీద ట్రైపాడ్. దాని మూడు కాళ్లూ శుభ్రంగా మడిచి, బెల్టు బిగించి ఉన్నాయి.

 వంగిన తలలన్నీ ఒక్కొక్కటే లేచి గ్లెనిస్ వైపు తిరిగాయి.

"ఇవాళింక ఏమీ రాదు, నా మాట విని ఇంటికి పో అన్నావు నాతో," అంది నోరీన్. "కాళ్లు మడిచింది నువ్వే. రూలు పెట్టిందీ నువ్వే. ఒకవేళ మళ్లీ వస్తావేమోనని వెలుగు పోయేదాకా అక్కడే ఉన్నాను. రాలేదు."

"మరి ఇన్నాళ్లూ ఎందుకు చూపించలేదు?" అడిగింది టామ్సిన్.

"దీంట్లో మనిషుంది. మనిషిని అడక్కుండా బయట పెట్టకూడదు. ఈవిణ్ణి అడిగే కన్నా దొంగ అనిపించుకోవడమే నాకు నయమనిపించింది." నోరీన్ గ్లెనిస్ వైపు తిరిగింది. "నువ్వు ఊళ్లో ఆ కథ చెప్పావని తెలిసినప్పుడల్లా ఇంటికెళ్లి దీన్ని తీసి చూసుకునేదాన్ని. హాయిగా ఉండేది. నీ మీద జాలిపడి దాచాననుకోకు."

"అనుకోలేదు," అంది గ్లెనిస్.

అప్పుడు లేచి వచ్చి ప్రింటు మీదికి వంగింది. తిట్టడానికే వంగింది. కానీ నలభై ఏళ్లుగా ఫోటోలు చూసిన కన్ను ముందు తన పని తను చేసుకుపోయింది. 'ఖాళీ కట్ట'లో వెలుగు ఉంది, అంతే. ఇందులో వెలుగొస్తోందని తెలియని మనిషుంది. ఆ వంగిన తల, ఆ విసురు, రాళ్ల మీద సాగిన ఆ నీడ, ఒక్కటి తీసేసినా ఫోటో పడిపోతుంది. ఇంత మంచి ఫోటో ఈ క్లబ్బులో ఎవరూ తియ్యలేదు. తను కూడా తియ్యలేదు. 

"అట్ట మీద ఇది వేయించాలని నాకుంది," అంది నోరీన్. "ఆ ఖాళీదాని కన్నా ఇదే మేలు. అడగాలి కాబట్టి అడుగుతున్నాను."

"కుడి పక్క కాస్త ఎక్కువైంది. కత్తిరించు."

"కత్తిరించను."

గ్లెనిస్ ఇంకోసారి చూసింది. కుడి పక్క ఎక్కువ కాలేదు. ఆ ఖాళీ లేకపోతే ఆ మనిషి నడిచిపోవడానికి చోటుండదు.

"నేను రీలు కోసం వెళ్లలేదు," అంది, ఎవరి వైపూ చూడకుండా. "చలేసింది. నోరీన్ ఓపిక చూస్తూ నిలబడటం నా వల్ల కాలేదు. ఇంటికెళ్లి రొట్టె కాల్చుకు తిన్నాను."

 ఆ మాటకి నోరీన్ ముఖంలో మెత్తదనమేమీ రాలేదు. అది వస్తుందని గ్లెనిస్ ఎదురుచూడనూ లేదు.

టామ్సిన్ పుస్తకం కాగితాలు ముందుకి లాక్కుంది. అట్ట ఫోటో పేరు కొట్టేసి, పెన్ను పట్టుకుని ఆగిపోయింది. ఎలా అడగాలో ఆ పిల్లకి తెలియలేదు.

"గ్లెనిస్, ఫోటో కింద... మీ పేరు వేయమన్నారు కదా. ఇప్పుడు కూడా వేయమంటారా? ఫోటోలో ఉన్నది మీరని?"

కారు పార్కులో అందరూ మళ్లీ సముద్రం వైపు తిరిగారు. నోరీన్ ఒక్కతే తిరగలేదు, నిలబడి చూస్తోంది. ఎంతసేపైనా అలాగే చూడగలదు.

"వెయ్యి," అంది గ్లెనిస్. "నేను అడిగింది అదేగా."