చప్పిడి కూడు

నర్సు గాలి కొట్టింది. గుమస్తా పేరు కొట్టేశాడు. ఇద్దరూ కలిసి కన్నబాబు పొట్ట కొట్టారు. పోర్ట్ బ్లెయిర్ జెట్టీలో పద్దెనిమిదేళ్లు మూటలు మోసిన మనిషి, జబ్బకు చుట్టిన బీపీ పట్టీ విప్పేలోగా పనికిరానివాడయ్యాడు. వరసలో వెనకే ఉన్న నూకన్న చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు. మిగతావాళ్లకి పరీక్ష సోమవారం అన్నారు.

సముద్రానికి పోటొస్తే ఓడ లోపలికొస్తుంది. కూలీకి రక్తపోటొస్తే వాడు బయటికి పోవాలి. ఇది కంట్రాక్టర్ గణేశ్వరరావు పెట్టిన కొత్త రూలు. పన్నెండు మంది ఉండే ఒక్కో ముఠాని ఏడాది కిందట ఎనిమిదికి కుదించిందీ ఆయనే. మూటలు మాత్రం తగ్గలేదు. నలుగురి బరువు ఎనిమిది మెడల మీద పడింది. దాన్ని ఏ మిషనూ చూపించదు.

నూకన్న పొద్దున్నే దవడ నొప్పితో లేస్తున్నాడు, నిద్రలో పళ్లు నూరి నూరి. కడుపులో మంట. గిన్నె చప్పుడైతే చాలు, భార్య చిన్నమ్మి మీద విరుచుకుపడుతున్నాడు. కూరలో ఉప్పు వెయ్యొద్దన్నాడు, ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు. అండమాన్ ఉక్కలో ఒంట్లో ఉప్పంతా చెమటై కారేవాడికి అదెక్కడి వైద్యం? శనివారం సిమెంటు బస్తాతో ఓడ మెట్లు దిగుతూ పిక్కలు పట్టేసి కూలబడ్డాడు. లేపబోయిన తోటి కూలీ తిరుమలరావు కూడా పిక్క పట్టుకుని పక్కనే చతికిలబడ్డాడు. ఇద్దరూ ముఖాలు చూసుకున్నారు. ఉప్పు మాట ఎత్తకుండా ఎవరి బస్తా వాళ్లు ఎత్తుకున్నారు.

ఆ మాట ఎత్తింది చిన్నమ్మి. ఆదివారం మిన్నీ బేలో తామంతా ఉండే రేకుల ఇళ్ల మధ్య, బతిమాలదామా కోర్టుకెళ్దామా అని మగాళ్లు అరుచుకుంటుంటే మధ్యలో నిలబడింది.

"మా ఇంట్లోనే అనుకున్నాను. అడిగితే గల్లీ అంతా చప్పిడి కూడే. ఒకలికి తెలీకుండా ఒకలు. ఉప్పు మానీసినారు సరే, రోసం కూడా మానీసినారేటి?"

"కన్నబాబు పేరు కొట్టీసినప్పుడు, నాది కాదు గదా అనుకున్నాను భయ్యా" అన్నాడు తిరుమలరావు. నూకన్న కూడా అదే అనుకున్నాడు. చివరికి ఆ మాట పైకే అనేశాడు. అన్నాక కడుపులో మంట తగ్గలేదు. అది తనొక్కడిదే కాదని మాత్రం తెలిసింది.

సోమవారం నర్సు చెయ్యి చాపమంది. నూకన్న చేతులు కట్టుకున్నాడు. వెనక నాలుగు ముఠాల ముప్పైమందీ కట్టుకున్నారు. మనవాళ్లు కదా అని పని ఇచ్చానన్నాడు గణేశ్వరరావు. తర్వాత, చెయ్యి చాపనివాడికి పని లేదన్నాడు.

నూకన్న కట్టిన చేతులు విప్పకుండానే ముందుకొచ్చాడు.

"మా పోటు మేం ఆస్పత్రిలో సూపించుకుంటాం బాబూ, మందు మింగుతాం. ముందు ముఠాకి పన్నెండు మందిని ఎయ్యి. కన్నబాబుని పిలు. జబ్బు మా జబ్బల్లో నేదు, నువ్వు తీసీసిన నలుగురి జాగాలో ఉంది."

మధ్యాహ్నానికి గణేశ్వరరావు పిలిపించిన పోలీసులొచ్చి నూకన్నని జీపెక్కించారు. తిరుమలరావు తానూ ఎక్కబోతే జాగా లేదన్నారు. అయితే నడిచొస్తామన్నాడు. నిండు ఓడని అలాగే వదిలేసి ముప్పైమందీ జీపు వెనక, ఠాణాకెళ్లే అబర్డీన్ బజారు ఎత్తు ఎక్కారు.

దుకాణాల ముందు లారీ దించుతున్న కూలీలు ఏమైందని అడిగారు. తిరుమలరావు నడుస్తూనే చెప్పాడు. వాళ్లలో ఒక బెంగాలీ ముసలాయన అంతా విని, బస్తాని రోడ్డు మీదే దించాడు. బుధవారం వాళ్లకీ పరీక్షట. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వరసలో కలిశాడు.