చవకలో దొరికిన గుండె మీటరు

"కళ్ల దగ్గర కక్కుర్తి పడకూడదండీ." కళ్లజోళ్ల షాపాయన నోట రోజుకు పదిసార్లయినా వచ్చే మాట ఇది. ఆ ఒక్క మాట మీదే షాపు నడిచేది. చవక ఫ్రేము కోసం వచ్చినవాళ్లు అది విని కాస్త సిగ్గుపడి, ఖరీదైన ఫ్రేము పెట్టుకొని, అద్దంలో అటూ ఇటూ చూసుకొని, తృప్తిగా వెళ్లిపోయేవారు. అదే మనిషి సొంత విషయానికి వచ్చేసరికి, చెప్పులు అరిగి అరికాలు నేలకు తగిలితే తప్ప కొత్తవి కొనడు. ఎదుటివాడికి చెప్పడానికే నీతులు అని ఇంటావిడ ఎన్నిసార్లు దెప్పినా నవ్వి ఊరుకునేవాడు.

యాభై దాటాక ఆయనకు రక్తపోటు వచ్చింది. డాక్టరు మాత్రలు రాసి, పొద్దున్నే సైకిలు తొక్కమన్నాడు. కాకపోతే గుండె నిమిషానికి నూట ముప్పై సార్లకు మించి కొట్టుకోకూడదనీ, మించితే వెంటనే ఆగి కూర్చోవాలనీ గట్టిగా చెప్పాడు. తొక్కుతున్నవాడికి ఆ లెక్క ఎలా తెలుస్తుందని ఈయన అడిగాడు. హ్యాండిల్‌కు పెట్టుకునే చిన్న కంప్యూటర్లు ఉంటాయి, వేగంతో పాటు గుండె సంగతి కూడా చూపిస్తాయి, అన్నాడు డాక్టరు. ధర ఎంతుంటుందని అడిగితే మాత్రం అది తన వైద్యంలోకి రాదన్నాడు.

ఆ రోజు నుంచి ఇంట్లో ప్రశాంతత పోయింది. షాపాయన అన్నం తింటూ, పళ్లు తోముకుంటూ, కళ్లద్దాలు తుడుస్తూ కూడా ఫోన్లో సైకిల్ కంప్యూటర్ల వీడియోలే చూసేవాడు. దారి చూపించే మ్యాపు ఉన్నదాని ధర చూసి, నా దారి నాకు తెలుసులే అన్నాడు. రంగుల తెర ఉన్నదాన్ని చూసి, గుండె కొట్టుకోవడం తెలుపు నలుపుల్లో కనిపిస్తే చాలదా అన్నాడు. వేగం చూపించకుండా గుండె ఒక్కటే చూపించేది సగం ధరకు దొరుకుతుందేమోనని నాలుగు కంపెనీలకు ఉత్తరాలు కూడా పెట్టాడు. ఎవరూ జవాబివ్వలేదు.

ఇంటావిడ బళ్లో లెక్కల టీచరు. వెతుకులాటకు పోయిన సమయానికి కూలి కట్టుకుంటే ఈపాటికి అన్నిటికన్నా మంచిదే వచ్చి ఉండేదని ఆవిడ లెక్క కట్టి చెప్పింది. ఆయన వినలేదు.

వాళ్ల మేడ మీద గదిలో ఆవిడ నాన్న ఉంటాడు. రైళ్లు నడిపి రిటైరైన మనిషి. భార్య పోయి చాలా ఏళ్లయింది. డెబ్భైకి దగ్గర పడుతున్నా రోజూ సైకిలు తొక్కుతాడు. అల్లుడి అవస్థ చూసి ఆయనొక ఉపాయం చెప్పాడు. మెడ పక్కన రెండు వేళ్లు పెట్టి, గడియారం చూస్తూ లెక్కపెట్టుకుంటే పైసా ఖర్చుండదన్నాడు. పైసా ఖర్చు లేదన్న మాట అల్లుడికి బాగా నచ్చింది. మర్నాడు పొద్దున్నే ఒక చేయి మెడ మీద, రెండో చేయి హ్యాండిల్ మీద, చూపు గడియారం మీద పెట్టి బయలుదేరాడు. రోడ్డు మీద పెట్టడానికి ఇంకేమీ మిగల్లేదు. వీధి మలుపులో ఒకరింటి ముళ్లకంచెలోకి దూరిపోయాడు. మామగారే ముళ్లు తీశాడు. తీస్తున్నంతసేపూ నవ్వు ఆపుకోలేక ఆయన భుజాలు కదులుతూనే ఉన్నాయి.

ఆ సాయంత్రమే ఇద్దరూ సైకిళ్ల షాపుకు వెళ్లారు. షాపావిడ ఓపిక గలది. చేతికి పెట్టుకునే రకం కంటే ఛాతీకి కట్టుకునే పట్టీ ఉన్న రకమే సరిగ్గా చూపిస్తుందని వివరించింది. పట్టీ గుండెను వింటుంది, విన్నది హ్యాండిల్ మీది కంప్యూటర్‌కు గాల్లోనే చెబుతుంది. అలాంటివి మూడు బల్ల మీద పెట్టింది. షాపాయన మొదటి రెండింటినీ ముట్టుకోనైనా లేదు. మూడోది అగ్గిపెట్టెంత ఉంది. మ్యాపు లేదు, రంగుల్లేవు. వేగం, దూరం, గుండె, అంతే. దానికీ ఆయన గంటసేపు బేరమాడాడు.

చివరికి షాపావిడ విసిగి, "గుండె విషయంలో కూడా ఇంత బేరమా సార్?" అంది.

"కళ్లయితే వేరండీ," అన్నాడాయన. "కళ్లకు పెట్టింది నలుగురికీ కనబడుతుంది. గుండె లోపల కదా ఉండేది."

రెండు కలిపి తీసుకుంటే ధర బాగా తగ్గిస్తానని ఆవిడ అనడంతో ఆయన చూపు మామగారి మీదికి మళ్లింది. మామగారికి అది అవసరం లేదు. ఇంజన్లో కూర్చొని జన్మకు సరిపడా మీటర్లు చూశాను, ఇక చాలు అన్నాడు. కానీ అల్లుడు బతిమాలుతుంటే కాదనలేకపోయాడు.

పట్టీ ఎలా కట్టుకోవాలో చూపిస్తానని షాపావిడ అంటే మామగారు లోపలికి వెళ్లి కట్టుకొచ్చాడు. అల్లుడి పట్టీ పెట్టెలోనే ఉంది. సీలు తీస్తే వాపసు తీసుకోరేమోనని ఆయన అనుమానం. షాపావిడ రెండు కంప్యూటర్లనూ పక్కపక్కన పెట్టి బొత్తాలు నొక్కింది. రెండూ ఒక్క క్షణం వెతికి, ఒకేసారి అంకె చూపించాయి. రెండింటిలోనూ డెబ్భై రెండు. రెండూ బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయని షాపాయన సంబరపడ్డాడు. అప్పుడే ఇంకెవరో టైరు పంక్చరని రావడంతో షాపావిడ అటు తిరిగింది. అక్కడ జరిగిందేమిటంటే, రెండు కంప్యూటర్లూ మామగారి పట్టీనే పట్టుకున్నాయి. ఆ సంగతి ముగ్గురిలో ఎవరూ గమనించలేదు.

మర్నాటి నుంచి మామాఅల్లుళ్లు కలిసి బయలుదేరేవారు. అల్లుడి మాట కాదనలేక మామగారూ పట్టీ కట్టుకునేవాడు. అల్లుడైతే శ్రద్ధగా కట్టుకునేవాడు, నూట ముప్పై దాటితే మోత వచ్చేలా పెట్టుకునేవాడు. చెరువు కట్ట దాటాక ఒక ఎత్తు ఉంది. దాన్ని ఎక్కేటప్పుడు ఆయన కొలిమి తిత్తిలా ఊగిపోయేవాడు, చెమటలు కారిపోయేవి, కళ్ల ముందు మెరుపులు మెరిసేవి. కంప్యూటర్ మాత్రం తొంభై ఎనిమిది చూపించేది. మామగారి ఒంటికి ఆ ఎత్తు ఒక లెక్క కాదు మరి.

ఇంకో వింత కూడా ఉంది. ఆయన బాగా వెనకబడినప్పుడు అంకె పోయి గీతలు పడేవి. గబగబా తొక్కి మామగారిని అందుకోగానే మళ్లీ అంకె వచ్చేది. చవక వస్తువు కదా, నెమ్మదిగా పోతే నిద్రపోతున్నట్టుంది అనుకున్నాడు. అది నిద్రపోకుండా ఉండాలని ఇంకా గట్టిగా తొక్కేవాడు. షాపుకు వచ్చినవాళ్లకు అద్దాల కంటే ముందు తన గుండె గురించి చెప్పేవాడు. ఒళ్లే ముసలిదైంది గానీ గుండెకు పాతికేళ్లే అనేవాడు. ఇంటావిడ మాత్రం, గుండె అంత బాగుంటే మెట్లు ఎక్కి వచ్చి పావుగంట మాట రాకుండా ఎందుకు కూర్చుంటున్నారని అడిగింది. అది ఊపిరి, గుండె కాదు అన్నాడాయన.

ఎత్తు దిగాక మొక్కల నర్సరీ ఒకటి ఉంది. మామగారు అక్కడ తప్పకుండా ఆగేవాడు. దాన్ని నడిపే ఆవిడ మనవలున్న మనిషి. భర్త పోయాక నర్సరీ భారమంతా తనే మోస్తోంది. మోచేతుల దాకా మట్టితో, తలకు కట్టుకున్న తువ్వాలుతో, ఎవరితోనైనా తడుముకోకుండా మాట్లాడుతుంది. మామగారు రోజు విడిచి రోజు ఆవిడ దగ్గర ఒక మొక్క కొని, సైకిలు బుట్టలో పెట్టుకొని ఇంటికి తెచ్చేవాడు. మేడ మీద కాలు పెట్టే చోటు లేదు. మెట్ల మీద కూడా కుండీలే. నాన్నకు కొత్తగా తోటపని పిచ్చి పట్టిందని కూతురు అనుకుంది. మామగారు లోపల ఉన్నంతసేపూ అల్లుడు గేటు బయట గోడకు చేరబడి నిలబడేవాడు. లోపలికి వెళితే తన చేత కూడా ఏదైనా కొనిపిస్తారని భయం.

ఒకరోజు ఎండ తీవ్రంగా ఉండి అల్లుడు కూడా నీడ కోసం లోపలికి వచ్చాడు. హ్యాండిల్ మీది కంప్యూటర్‌ను ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని ఊడదీసి చేతిలో పట్టుకున్నాడు. ఎరువు బస్తాల మీద కూర్చొని అంకె చూసుకున్నాడు. ఎనభై ఆరు. హాయిగా కాళ్లు చాపుకున్నాడు.

మామగారు గులాబీ కుండీల వరుసకు అవతల ఉన్నాడు. రాత్రంతా నిద్రపోకుండా కూడదీసుకున్న ధైర్యంతో ఆయన ఆ రోజు నర్సరీ ఆవిడను ఒక మాట అడగబోతున్నాడు. గొంతు సవరించుకున్నాడు. అల్లుడి చేతిలో అంకె నూట పది అయింది. అల్లుడు సర్దుకొని కూర్చున్నాడు. నూట పద్దెనిమిది. ఊపిరి మెల్లగా తీసుకున్నాడు. నూట ఇరవై ఎనిమిది. కదలకుండా కూర్చున్న మనిషికి గుండె ఇలా పరుగెత్తడమేమిటని ఆయన బెదిరిపోయి కంప్యూటర్‌ను తట్టి చూశాడు.

కుండీల అవతల మామగారు ఆకులు సవరిస్తూ, "ఇకనుంచి మొక్క కొనకుండా కూడా రావొచ్చా అండీ?" అని అడిగాడు.

ఆవిడ జవాబు చెప్పేలోపే ఇవతల కంప్యూటర్ కీచుమని మోత మొదలుపెట్టింది. అల్లుడు బస్తాల మీద అడ్డంగా వాలిపోయి మామయ్యా అని కేక పెట్టాడు. మామగారు కుండీలు దాటుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. ఆయన పరుగెత్తిన కొద్దీ అంకె పెరిగింది. నూట నలభై. నూట యాభై. అది చూసి అల్లుడు ఆశలు వదులుకున్నాడు. షాపు తాళాలు ఇంటావిడకు ఇమ్మని, ఆ కంప్యూటర్‌కు ఇంకా గ్యారంటీ ఉందని, పోయాక కూడా వాపసు అడగొచ్చని మెల్లగా చెప్పాడు.

నర్సరీ ఆవిడ కంగారుపడలేదు. మొక్కలు వేసుకెళ్లే ట్రాలీ బండి తెప్పించి, ఆయన్ని అరటి మొక్కల మధ్య పడుకోబెట్టి, తనే నడుపుకుంటూ ఆసుపత్రికి చేర్చింది. మామగారు పక్కనే కూర్చొని అల్లుడి చేయి వదల్లేదు. అల్లుడు కంప్యూటర్‌ను వదల్లేదు.

ఆసుపత్రిలో నర్సు ఆయన చొక్కా విప్పి, ఛాతీ పట్టీ తీసి, అక్కడి యంత్రం తీగలు అంటించింది. యంత్రం ఎనభై నాలుగు చూపించింది. రక్తపోటు కొంచెం ఎక్కువుంది, అంతకుమించి ఏమీ లేదని డ్యూటీ డాక్టరు చెప్పి వెళ్లిపోయాడు. షాపాయన నమ్మలేదు. మీ మిషన్ పాతదేమో చూడండి అంటూ తన కంప్యూటర్‌ను నర్సు చేతికిచ్చాడు. దాని మీద నూట ఇరవై నాలుగు ఉంది.

నర్సు దాన్ని చూసింది. తన చేతిలోని పట్టీని చూసింది. "మీ పట్టీ నా దగ్గరుంది," అంది. "మరి ఇది ఎవరి గుండె?"

 అప్పటికే కబురందుకొని బడి నుంచి పరుగున వచ్చిన కూతురు గది నలుమూలలా చూసింది. తండ్రి చొక్కా కింద గీతలా కనిపిస్తున్న పట్టీ మీద ఆవిడ చూపు ఆగింది. లెక్కల టీచరు కదా, ఊహించి ఊరుకోదు, సరిచూసుకుంటుంది. తండ్రిని వరండా చివరిదాకా నడిచి రమ్మంది. ఆయన వెళ్లగానే తెర మీద గీతలు పడ్డాయి. తిరిగి రాగానే అంకె వచ్చింది. కాసేపటికి అది తగ్గుతూ తగ్గుతూ తొంభై దగ్గర నిలిచింది. ఇన్నాళ్లూ చెరువు కట్ట దాటాక ఎత్తులో తాను మురిసిపోయిన గుండె ఎవరిదో అప్పుడు అర్థమై షాపాయన ముఖం గోడకు తిప్పుకున్నాడు.

అంతలో బండి పక్కకు తీసి పెట్టడానికి వెళ్లిన నర్సరీ ఆవిడ తిరిగి వచ్చింది. మంచినీళ్ల సీసా మామగారికి అందించి, కూర్చోండి డ్రైవరుగారూ, మీరు చాలా కంగారుపడ్డారు అని భుజం మీద చేయి వేసింది. నర్సు చేతిలో కంప్యూటర్ కీచుమంది.

నర్సు నవ్వు ఆపుకోలేక మందుల ట్రే పట్టుకొని బయటికి నడిచింది. మామగారు గుమ్మడికాయల దొంగ ఎవరని అడిగినట్టు భుజం తడుముకున్నాడు.  కూతురికి అమ్మ గుర్తొచ్చింది. అమ్మ పోయాక నాన్న మేడ మీద గదిలో రేడియో పెట్టుకోవడం కూడా మానేయడం గుర్తొచ్చింది. ఈ మధ్య మళ్లీ ఈలపాట వినిపిస్తోందని, అది మొక్కల వల్లేనని తాను అందరికీ చెప్పుకోవడం గుర్తొచ్చింది.

"ఎప్పట్నుంచి నాన్నా?" అని అడిగింది.

"మొదటి మొక్క మొక్క కోసమే కొన్నానమ్మా," అన్నాడాయన నేల చూపులు చూస్తూ. "రెండోది మాత్రం కాదు."

"ఇల్లంతా మొక్కలతో నింపే బదులు ఆ ముక్క నాకు చెప్పొచ్చుగా."

నర్సరీ ఆవిడకు సంగతి ఇప్పుడు పూర్తిగా తెలిసింది. ముసిముసిగా నవ్వలేదు, సిగ్గుపడలేదు. పొద్దున ఆయన అడిగినదానికి జవాబు ఇంకా బాకీ ఉందనీ, ఖాళీ చేతులతో రావడానికి అభ్యంతరం లేదు గానీ వచ్చినవాళ్లు మొక్కల మొదళ్లలో గొప్పు తవ్వాలనీ అంది. తవ్వుతానని మామగారు వెంటనే ఒప్పుకున్నాడు.

మర్నాడు సైకిళ్ల షాపావిడ తల పట్టుకుని, క్షమించమని అడిగి, ఎవరి పట్టీని వాళ్ల కంప్యూటర్‌కు జత చేసింది. షాపాయన మొదటిసారి తన గుండె తాను చూసుకున్నాడు. ఎత్తు మొదట్లోనే మోత మొదలైంది. దిగి, సైకిలు తోసుకుంటూ నడిచాడు. బడికి వెళ్లే పిల్లలు, పాలు పోసే మనిషి, ఊతకర్ర పట్టుకున్న ఒక పెద్దావిడ ఆయన్ని దాటుకుంటూ వెళ్లారు. కొన్ని వారాలు ఓపిగ్గా అలాగే నడిచాక, ఒకరోజు ఎత్తు సగం దాకా మోత లేకుండా వెళ్లాడు. ఆ సంగతి షాపులో ఎవరికీ చెప్పలేదు, ఇంటావిడకు మాత్రం చెప్పాడు. ఆవిడ సంతోషించింది.

మామగారు పట్టీ కట్టుకోవడం మానేశాడు. అల్లుడు చదవదగ్గ సంగతులు తన గుండెలో ఏమీ లేవన్నాడు.

వానలు తగ్గాక నర్సరీ ఆవిడ తనకూ సైకిలు నేర్చుకోవాలనుందని చెప్పింది. చిన్నప్పుడు ఎవరూ నేర్పలేదట. ఒక ఆదివారం చెరువు కట్ట మీద మామగారు సీటు పట్టుకొని వెనకాల నడుస్తుంటే ఆవిడ హ్యాండిల్‌ను రెండు చేతులా బిగించి పట్టుకొని తొక్కింది. కూతురూ అల్లుడూ కట్ట వారన నిలబడి చూశారు. కొంతదూరం పోయాక మామగారు ఆగిపోయాడు. ఆవిడ ఆగలేదు. సీటు ఎవరూ పట్టుకోలేదని ఆవిడకు తెలియదు. వెనక్కి చూడకుండానే, గట్టిగా పట్టుకోండి, వదిలేశారంటే ఊరుకోను అని అరుస్తూ, తిన్నగా వెళ్లిపోతోంది.

పట్టుకునే ఉన్నానండీ అని మామగారు నిలబడ్డ చోటి నుంచే జవాబు చెప్పాడు.